హైమవతి గారు కూర్చున్న తీరు

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటి పక్క సందులోకి తిరిగితే ఒక సెల్లారులో నేమ్‌బోర్డులు కోసే లేజర్ మిషన్ ఉంది. మొన్న ముసురులో గొడుగు వేసుకుని ఆ సందులో నడుస్తుంటే, మెట్ల మీదుగా కాలిన చెక్క వాసన పైకి వచ్చింది. పొయ్యిలో కట్టె మండే వాసన కాదది. ప్లైవుడ్ పొరల మధ్య ఉండే జిగురు చెక్కతోపాటు సన్నగా మాడితే వచ్చే వాసన. కొంచెం తీపి, కొంచెం మందుల ఘాటు, గొంతులో దిగి ఇక అక్కడినుంచి కదలదు. నా ముందు నడుస్తున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. నేను గొడుగు ముడిచి మెట్ల దగ్గర నిలబడ్డాను. లోపలినుంచి ఎవరో "ఏం కావాలె మేడం, బోర్డు చేయించాల్నా?" అని అడిగారు. నాకు నోరు పెగలకపోవడం చాలా అరుదు. ఆ పూట పెగల్లేదు. తల అడ్డంగా ఊపి, తడుస్తూనే వచ్చేశాను.

ఆ వాసన నాకు హైమవతి గారి వాసన. ఆవిడ చీరలకు, చేతిసంచికి, చివరికి మధ్యాహ్నం విప్పే పెరుగన్నం డబ్బాకు కూడా అదే పట్టి ఉండేది. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. నాంపల్లిలో సోఫాలూ మంచాలూ అమ్మే దుకాణాల వరసలో, ముందు భాగం వేరేవాళ్ళకు కిరాయికిచ్చి, వెనక రేకుల షెడ్డులో కూర్చునే మనిషి వీధిలోకి ఎలా కనపడుతుంది? ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో వాళ్ళ నాన్నగారు తెనాలి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి అబిడ్స్‌లో ఇల్లు తీసుకున్నారు. ఆవిడ అక్కడే పుట్టారు, అక్కడే పెరిగారు, పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ పాఠాలు చెప్పారు. భర్త పోయాక ఆయన సోఫాల దుకాణం చేతికి వస్తే, ఉన్న సరుకంతా వదిలించుకుని రౌటర్ మిషన్ కొన్నారు. డబుల్ కాటంత బల్ల, దాని మీద అటూ ఇటూ పరిగెత్తే మోటారు, మోటారు కింద గిర్రున తిరుగుతూ చెక్కను సన్నగా మాడుస్తూ కోసే చిటికెన వేలంత బిట్టు. కంప్యూటర్లో ఏది గీస్తే ప్లైవుడ్‌లో అది కోసి పెడుతుంది. ఆ వరసలో అలాంటిది అదే మొదటిది. పక్క దుకాణాల మేస్త్రీలు వచ్చి చూసి, "మేడం, గిది రొట్టెలు గిట్ల చేస్తదా?" అని నవ్విపోయేవారట. ఆవిడ కూడా నవ్వి, వాళ్ళను కూర్చోబెట్టేవారు. ఆవిడ ఎవరినైనా కూర్చోబెట్టేవారు. ఆవిడ పనే అది.

నన్నూ అలాగే కూర్చోబెట్టారు. నేను డిగ్రీ చదివి, కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నేర్చుకుని, ఒక మాడ్యులర్ కిచెన్ల కంపెనీలో కొన్నేళ్ళు చేసిన తర్వాత ఆవిడ దగ్గరికి పని అడగడానికి వెళ్ళాను. షెడ్డులో మిషన్ మోత. ఆవిడ చెవుల్లోంచి దూది తీసి, నా కాగితాల వైపు చూడనైనా చూడకుండా అడిగారు.

"పాత ఉద్యోగం ఎందుకు మానేశావమ్మా?"

"మానలేదు మేడం, తీసేసిన్రు."

"ఎందుకు?"

"నోరు ఎక్కువని."

ఆవిడ మూలనున్న ఒక కుర్చీ చూపించారు. ఫ్రిజ్‌లు వచ్చే మందపాటి అట్టతో చేసిన కుర్చీ. ఏ డిజైనైనా ప్లైవుడ్‌లో కోసే ముందు అట్టలో కోసి, కూర్చుని చూడాలన్నది ఆవిడ నియమమని తర్వాత తెలిసింది. కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా స్టూలు వేసుకుని నన్ను కాసేపు చూశారు.

"ఎక్కడ?" అన్నారు.

"ఏంది ఎక్కడ?"

"ఎక్కడ బాగాలేదు?"

అంత మంచి ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. తొడ కింద అంచు కోస్తోందన్నాను. వీపు సగమే ఉన్నవాళ్ళ కోసం చేశారా ఇది అన్నాను. చేతులు పెట్టుకునే చోట చున్నీ ఇరుక్కుంటోంది, ఇది గీసింది మగాయనే అయ్యుంటాడు, చున్నీ ఒకటుంటదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు అన్నాను. ఆవిడ నవ్వకుండా, పెన్ను తీసి, నేను కూర్చుని ఉండగానే నా చుట్టూ అట్ట మీద గీతలు గీశారు. "గీసింది నేనే" అన్నారు గీస్తూనే. "రేపు తొమ్మిదికి రా."

"పనేంది మేడం?"

"ఇప్పుడు చేశావు కదా. అదే."

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ప్రతి కుర్చీ ఫైలుకూ ఒక మనిషి పేరు. కూర్చుని మెచ్చుకున్నవాళ్ళ పేరు కాదు, బాగాలేదని చెప్పినవాళ్ళ పేరు. చాయ్ తెచ్చే ఆయన, పోస్ట్‌మాన్, కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన, అందరి పేర్లూ మా కంప్యూటర్లో ఉన్నాయి. నా పేరుతో ఉన్నన్ని ఇంకెవరి పేరుతోనూ లేవు. ఒకసారి నేనే అడిగాను, బాగుంది అన్నవాళ్ళను ఎందుకు పట్టించుకోరని. "వాళ్ళు మర్యాదస్తులమ్మా. వాళ్ళ వల్ల మనకేం తెలుస్తుంది?" అన్నారు. ఇంట్లో మా అమ్మ నా నోరు చూసి దేవుళ్ళకు మొక్కుకునేది. అత్తగారింట్లో అయితే దాని కోసం పంచాయితీలే జరిగాయి. అదే నోటికి ఒక కుర్చీ వేసి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని వినే మనిషి నాంపల్లిలో దొరుకుతుందని నేను కలగన్నానా? నేను మారలేదు. మారమని ఆవిడ అడగలేదు. ఎదుటివాళ్ళను బాధపెట్టడానికే పుట్టిందనుకున్న నా మాట ఎవరికో నడుంనొప్పి తప్పించగలదని మాత్రం ఆవిడ దగ్గరే తెలిసింది.

వ్యాపారం మాత్రం అంతంతమాత్రంగా నడిచేది, దానికి కారణం ఆవిడే. ఒకసారి లక్డీకాపూల్ నుంచి భార్యాభర్తలు, ఆయన తల్లి వచ్చారు. కొత్త ఫ్లాటుకు డైనింగ్ టేబులు, ఆరు కుర్చీలు కావాలి. ఫోన్లో బొమ్మ చూపించి అచ్చం ఇలాగే ఉండాలన్నారు. హైమవతి గారు బొమ్మ చూడటం లేదు, ఆ పెద్దావిడ కాళ్ళు చూస్తున్నారు. కుర్చీ అంచున ముడుచుకుని కూర్చుంది ఆవిడ. పాదాలు నేలకు అందక గాల్లో ఉన్నాయి.

"మీ ఇంట్లో కుర్చీలో కూర్చుని తింటారా అమ్మా మీరు?" అని అడిగారు.

"నాకేందమ్మా, నేను కిందనే కూసుంట" అంది ఆ పెద్దావిడ.

"ఎత్తు తగ్గించి మీకొకటి వేరే చేస్తాను. మీ కోడలికీ నడుం దగ్గర మార్చాలి."

కొడుకు అడ్డం వచ్చాడు. "సెట్టంటే సెట్టే ఉండాలె మేడం. ఆరూ ఒక్కతీరు లేకుంటే చూసెటోళ్ళు ఏమనుకుంటరు?"

"మీ ఇంట్లో ఆరుగురూ ఒక్కతీరుగానే ఉన్నారా నాయనా?"

ఆయన ముఖం మాడ్చుకుని, పెళ్ళాన్నీ తల్లినీ తీసుకుని పక్క దుకాణంలోకి వెళ్ళిపోయాడు. మిషన్ నడిపే యాదగిరన్న చేతులు దులుపుకుంటూ, "పాయె, గిరాకీ పాయె" అన్నాడు. నేను ఊరుకోలేదు. "మీరు ఫర్నిచర్ అమ్ముతున్నరా మేడం, కొట్లాట అమ్ముతున్నరా?" అన్నాను. "రెండూ. కొట్లాట ఉచితం" అన్నారు ఆవిడ. తర్వాత చాయ్ తాగుతూ కాస్త నెమ్మదిగా చెప్పారు. వడ్రంగికి ఆరు రకాల కుర్చీలు చేయడం నరకం, ఒకటే కొలత పెట్టుకుంటే చేయి తిరుగుతుంది, అందుకే సెట్లు పుట్టాయి. ఈ మిషన్‌కు విసుగు లేదు. వంద ఒక్కతీరుగా కోసినా, వంద వేర్వేరుగా కోసినా దానికి ఒకటే. అలాంటిదాన్ని పెట్టుకుని మళ్ళీ సెట్లే కోస్తే ఇది రావడం దేనికి? నేను ఒప్పుకోలేదు. మనుషులకు తమ ఒంటికి సరిపోయే కుర్చీ కన్నా పక్కింటివాళ్ళకున్న కుర్చీ ముఖ్యమని వాదించాను. ఆ వాదన ఆ రోజు తేలలేదు, తర్వాత ఏళ్ళ తరబడి కూడా తేలలేదు. ఊళ్ళోవాళ్ళ సంగతికొస్తే నాదే నిజమని ఇప్పటికీ అంటాను.

ఇంకో విషయం మీదా మాకు పడేది కాదు. కంప్యూటర్లో కుర్చీ గీసేవాళ్ళందరికీ ఒక అలవాటు. కుడి సగమే గీస్తారు. తర్వాత ఒక మీట నొక్కితే అద్దంలో నీడలా ఎడమ సగం దానంతటదే వచ్చేస్తుంది. సగం శ్రమ. నేను ఆ మీట నొక్కినప్పుడల్లా ఆవిడ వెనకనుంచి, "ఎడమవైపు ఎవరు చూశారమ్మా?" అనేవారు. "దేవుడు చూసిండు, రెండు దిక్కులా ఒక్కతీరే చేసిండు" అనేదాన్ని.

తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. ఊపిరితిత్తుల్లో మొదలై వెన్నెముకకు పాకింది. దవాఖానా చుట్టూ తిరగడం, చికిత్సలు, అన్నీ అయ్యాక డాక్టర్లు ఇంట్లోనే ఉంచమన్నారు. అలా ఉంచమంటే అర్థమేమిటో ఆవిడకు తెలుసు, మాకూ తెలుసు. అబిడ్స్ ఇంట్లో కిటికీ పక్క బల్ల ఉండేది. ఆవిడ అడిగింది ఒక్కటే. "పడుకుని గీయడం నాకు చేతకాదు. ఉన్నన్నాళ్ళు నన్ను ఆ బల్ల ముందు కూర్చోబెట్టండి, చాలు." బజారులో దొరికే ఏ కుర్చీలోనూ ఆవిడ కాసేపు కూడా నిలవలేకపోతున్నారు. యాదగిరన్న, నేను ముఖాలు చూసుకున్నాం. ప్రపంచంలో ఎవరికి చేతకాకపోయినా మాకు చేతకావాల్సిన పని అది.

ఇప్పుడు ఫోనుతోనే మనిషి ఆకారం పట్టొచ్చు. మనిషి చుట్టూ ఫోను పట్టుకుని ఒకసారి తిరిగితే ఆ ఒళ్ళు అలాగే కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. నేను వెళ్ళేసరికి ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని, స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. చుట్టూ తిరిగి తీసుకున్నాను. గీశాను. చేతి అలవాటుకొద్దీ సగం గీసి మీట నొక్కాను. యాదగిరన్న కోశాడు. కూర్చోబెట్టాం.

"ఎక్కడ?" అని అడిగాను.

"బాగుంది" అన్నారు ఆవిడ.

అంచులు ఇంకా మెత్తగా చేసి, వీపు కాస్త వెనక్కి వాల్చి మళ్ళీ కోసి తెచ్చాం. "చాలా బాగుంది స్వరూపా" అన్నారు. యాదగిరన్న కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట నేను ఆ మాట వినలేదు. మా అందరిలో మర్యాదస్తులు కానిది ఆవిడా నేనూ ఇద్దరమే అనుకునేదాన్ని.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళాను. తోడుండే ఆవిడ తలుపు తీసింది. మేం చేసిన కుర్చీ గోడవారగా ఉంది, దాని మీద ఉతికి మడత పెట్టిన బట్టలు. హైమవతి గారు నేల మీద ఉన్నారు. మంచానికి వీపు ఆనించి, ఒళ్ళంతా ఎడమకు జారిపోయి, ఎడమ చేయి కింద బోర్లించిన బియ్యం డబ్బా, దాని మీద మడిచిన తువ్వాలు. ఒళ్ళో డ్రాయింగు అట్ట. కాగితం మీద ఒక్క గీత. నన్ను చూసి నిటారుగా లేవబోయారు.

"లేవకున్రి" అన్నాను. "ఎవరి కోసం లేస్తున్నరు? ఫోటో తియ్యనీకి రాలేదు నేను."

ఆవిడ డ్రాయింగు అట్ట పక్కన పెట్టారు.

"ఊరోళ్ళందరి నొప్పులు అడుక్కున్నరు. మీటరు చూసెటాయన నడుంనొప్పి కూడా ఫైలు చేసిన్రు. మీది అడిగితే బాగుందంటరా? నేనేమన్న చుట్టాన్నా, మర్యాద చెయ్యనీకి?"

ఆవిడ చాలాసేపు కిటికీ వైపు చూశారు. కింద అబిడ్స్ రోడ్డు హారన్లు వినపడుతున్నాయి. నేను మామూలుగా అయితే ఆ మౌనాన్ని ఇంకో నాలుగు మాటలతో నింపేదాన్ని. ఆ రోజు నింపలేదు.

"నొప్పి చెబితే నువ్వు మళ్ళీ గీస్తావు" అన్నారు చివరికి. "ఆయన మళ్ళీ కోస్తాడు. మోసుకొచ్చేసరికి నేను ఇంకోలా అయిపోయి ఉంటాను. మీకు అందకుండా మారిపోతున్నానమ్మా. మీ ఇద్దరి ముఖాలు చూస్తే చెప్పబుద్ధి కాలేదు."

"మారితే మారున్రి. మేము ఉరుకుతం. అది మా పని, మీది కాదు."

"ఎన్నిసార్లని?"

"నాతోని లెక్కలు పెట్టకున్రి మేడం. కొట్లాట ఉచితం అన్నరు కదా."

ఆవిడ నవ్వబోయి, నవ్వుకు కూడా ఎక్కడో నొప్పి పుట్టి ఆగిపోయారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. ఎడమ భుజం తనది కాదన్నట్టు వేలాడుతోందని. చేయి కింద ఎత్తు లేకపోతే మెడ దాకా లాగేస్తోందని. కుడివైపు పక్కటెముకలకు ఏదీ తగలకూడదని. రాత్రుళ్ళు పడుకోవాలంటే భయంగా ఉందని. అది కుర్చీకి సంబంధించింది కాదు, అయినా చెప్పారు. నేను విన్నాను. అంతా అయ్యాక, నిటారుగా ఉండటానికి అప్పటిదాకా బిగపట్టుకున్నదేదో వదిలేశారు. నా కళ్ళ ముందే ఒళ్ళు జారి, కుంగి, ఆ డబ్బా మీదికి ఒరిగిపోయింది. అంత పొడుగు మనిషి చిన్న మూట అయిపోయారు.

"ఇప్పుడు తియ్యి" అన్నారు.

ఫోను పట్టుకుని ఆవిడ చుట్టూ తిరిగాను. మంచం ఎక్కి వెనకనుంచి కూడా తీశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, చూడనిచ్చారు. నాకు జీవితంలో చాలామంది చాలా ఇచ్చారు, నేను అందరికీ వంకలు పెట్టాను. ఆవిడ అలా చూడనిచ్చినదానికి మాత్రం వంక పెట్టలేను.

రెండు వైపులూ విడివిడిగా గీశాను. కుర్చీ ఎడమ చేయి ఎత్తు, కుడి చేయి పల్లం. వీపు ఒక పక్క ముందుకు వచ్చి, ఒక పక్క తప్పుకుంటుంది. మర్నాడు షెడ్డులో యాదగిరన్న స్క్రీను చూసి తల గోక్కున్నాడు.

"ఏందక్కా గిది, రెండు దిక్కులా వేరే వేరే ఉన్నది? ఫైలు ఖరాబైందా?"

"ఖరాబు కాలేదన్నా. మేడం గట్లనే ఉన్నది."

ఆయన స్క్రీను వైపు చూస్తూ ఉండిపోయాడు. అది కుర్చీ బొమ్మే, కానీ ఎవరు కూర్చున్నారో, ఎలా కూర్చున్నారో అందులో కనపడుతోంది. షీటు ఎక్కించి మిషన్ నడిపించాడు. ముక్కలు దిగాక నన్ను ముట్టుకోనివ్వలేదు. తనే గరుకైన రెగ్మాల్ కాగితం తీసుకుని ప్రతి అంచునూ రుద్దాడు, అరచేత్తో తడిమి చూసుకుని మళ్ళీ రుద్దాడు. అట్టలో చేసి చూసే వ్యవధి లేదు. ఆవిడ నియమం ఆవిడ కుర్చీకే తప్పింది.

కూర్చోబెట్టాం. ఎడమ చేయి దాని చోటికి అదే వెళ్ళి ఆనుకుంది. ఆవిడ బాగుంది అనలేదు. ఎక్కడ అని నేనూ అడగలేదు. "ఆఁ" అని ఒక్క ఊపిరి వదిలారు. కాసేపటికి తల పక్కకు వాలింది. భయపడి దగ్గరికి వెళ్ళి చూస్తే నిద్రపోతున్నారు. మేమిద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాం. ఆ తర్వాత కొన్నాళ్ళు కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని గీశారు. గీతలు వంకర్లు పోయేవి, పట్టించుకునేవారు కాదు. ఇంకోసారి వీపు మార్చాల్సి వచ్చింది, మార్చాం. మూడోసారి మార్చడానికి కొలత తీసుకున్నాను. ముక్కలు కోసి జోడించేలోపే ఆవిడ పోయారు. ఆవిడ అన్నట్టే అయింది, అందుకోలేకపోయాం. ఉరకడం మాత్రం మానలేదు.

కాచిగూడలో ఉండే వాళ్ళ తమ్ముడు ఇల్లు ఖాళీ చేస్తూ నాకు ఫోను చేశారు. "ఆ కుర్చీ తీసుకెళ్ళమ్మా. ఇంట్లో ఎవరం కూర్చోలేకపోతున్నాం" అన్నారు. నిజమే, ఎవరూ కూర్చోలేరు. షెడ్డుకు తెచ్చి మొదటిసారి అందులో కూర్చున్న రోజు నాకు ఒళ్ళంతా నొప్పి పుట్టింది. ఎడమ భుజాన్ని పైకి నెడుతుంది, నడుమును పక్కకు తోస్తుంది, కుడి పక్కన ఆనుకోబోతే అక్కడ ఏమీ ఉండదు. ఎక్కడెక్కడి నొప్పిని ఆవిడ అన్నాళ్ళు దాచుకున్నారో, ఆ కుర్చీ ఒక్కొక్కటిగా చెబుతుంది. ఇప్పుడు ఆ షెడ్డు యాదగిరన్న, నేను కలిసి నడుపుతున్నాం. ఎక్కువగా సెట్లే కోస్తున్నాం, తప్పదు. కంప్యూటర్ ముందు నేను కూర్చునేది ఆ కుర్చీలోనే. నడుం విరిగిపోతుందక్కా, మంచిది ఇంకోటి చేస్కో అని యాదగిరన్న పోరు పెడతాడు. ఇంత వాదించేదాన్ని, ఆ ఒక్క విషయంలో వాదన పెట్టుకోను. ఊరుకుంటాను.

పోయిన నెల అబిడ్స్‌లో జాకెట్లు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎన్నో ఏళ్ళుగా నాకు కుడుతున్నాడు, నా కొలతలు ఆయనకు కంఠతా వచ్చు. అయినా టేపు పెట్టాడు. భుజం దగ్గర ఆగి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఎడమ భుజం జర మీదికి పోయింది మేడం. మునుపు గిట్ల లేకుండె" అన్నాడు. "ఫికర్ చెయ్యకున్రి, లోపల పట్టీ వేసి రెండూ సమానం కనపడేటట్టు కుడత."

"వద్దన్నా" అన్నాను. "ఎట్లున్నదో అట్లనే కుట్టు."